పల్నాడు సున్నపు బట్టీలు: రాయి తవ్విన ఊళ్ళు, కాల్చిన మనుషులు

పల్నాటి_బాటసారి

అందరికీ నమస్కారం. మాది దాచేపల్లి దగ్గర ఒక పల్లె. పిడుగురాళ్ళ, నడికుడి, దాచేపల్లి, గురజాల చుట్టుపక్కల సున్నపురాయి క్వారీలు, సున్నపు బట్టీల చరిత్రను ఒకచోట చేర్చాలని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

పల్నాడు అనగానే అందరూ యుద్ధం గురించే మాట్లాడతారు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి. మా చిన్నప్పుడు మాకు కనిపించిన పల్నాడు మాత్రం తెల్లటి పొగ, తెల్లటి రోడ్డు, తెల్లటి మనుషులు. సిమెంటు ఫ్యాక్టరీల గురించి కంపెనీలే రాసుకున్నాయి. రాయి గురించి జియాలజీ వాళ్ళు రాశారు. బట్టీల్లో రాయి మోసినవాళ్ళ గురించి, అసలు ఆ పని ఎలా జరిగేదో, నాకు తెలుగులో ఎక్కడా సరిగా దొరకలేదు. ఆ పని తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. మీకు తెలిసింది రాయండి. కొంచెమైనా ఫర్వాలేదు.

ముందు నా ప్రశ్న: ఇంత రాయి మన దగ్గరే ఎందుకుంది? బట్టీలు రాకముందు జనం సున్నం ఎక్కడ తెచ్చుకునేవాళ్ళు?

రాళ్ళ_మాస్టారు

బాటసారి గారూ, మంచి పని మొదలుపెట్టారు. మొదటి ప్రశ్న నాకు వదిలేయండి, పిల్లలకి చెప్పీ చెప్పీ నోటికొచ్చిన పాఠం.

మన కింద ఉన్నది కడప బేసిన్. కడప, కర్నూలు నుంచి నల్లమల పక్కగా కృష్ణ దాటి అవతలి ఒడ్డు దాకా పరుచుకున్న పాత సముద్రపు అడుగు అది. అందులో పైభాగాన్ని కర్నూలు గ్రూపు అంటారు. కింద నుంచి పైకి వరసగా బనగానపల్లె క్వార్ట్జైట్ (అంటే బాగా గట్టిపడ్డ ఇసుకరాయి), నార్జి సున్నపురాయి, అవుకు షేలు (పలచటి పొరల మట్టిరాయి), పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. చూశారా, అన్నీ మన రాయలసీమ ఊళ్ళ పేర్లే! విలియం కింగ్ అనే ఆయన ఈ ప్రాంతమంతా తిరిగి జియలాజికల్ సర్వే తరఫున 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద నివేదిక అచ్చువేశాడు. ఇప్పటికీ మేము అక్కడి నుంచే మొదలుపెడతాం.

పల్నాడులో మీరు తవ్వేది ఎక్కువగా ఆ నార్జి రాయే. బూడిద రంగు, నీలం, అక్కడక్కడ లేత ఆకుపచ్చ. ఇందులో శంఖాలు, గవ్వలు వెతకొద్దు, దొరకవు. పెంకులున్న జీవులు పుట్టకముందే ఈ పొరలు పేరుకున్నాయి. హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు కృష్ణకు ఆ ఒడ్డున ఉన్నదీ ఇదే రాయి. నదికి రెండు పక్కలా సిమెంటు ఫ్యాక్టరీలు బారులు తీరడానికి కారణం అదే.

ఒకే పొరలో రాయంతా ఒకేలా ఉండదు. సిలికా ఎక్కువున్న రాయి బట్టీకి పనికిరాదు. తెలిసిన క్వారీ మనిషి సమ్మెటతో ఒక్క దెబ్బ వేసి, విరిగిన చోటు చూసి చెప్పేసేవాడు. మాకు ల్యాబులో ఆసిడ్ చుక్కలు కావాలి, వాళ్ళకి అక్కర్లేదు.

స్తూపం_దారి

పల్నాడు రాయి గురించి మాట్లాడుతూ అమరావతిని వదిలేస్తే ఎలా?

అమరావతి శిల్పాలు చెక్కింది ఈ సున్నపురాయి మీదే. నాగార్జునకొండ శిల్పాలూ ఇదే రాయి. ఇంగ్లీషు వాళ్ళు పాలరాయి అని రాసుకున్నారు గానీ అది పాలరాయి కాదు. క్రీస్తుకు ముందు నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా, అంటే ఐదారు వందల ఏళ్ళు, ఈ రాయి మీద జాతక కథలు చెక్కారు. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ళలో మునిగేలోగా 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని పైకి చేర్చారు. అందుకే అవి ఈరోజు దీవి మీద మ్యూజియంలో ఉన్నాయి.

అమరావతికి ఆ అదృష్టం లేదు. 1790ల చివర్లో ఇంగ్లీషు సర్వేయరు కాలిన్ మెకంజీ మొదటిసారి చూసేటప్పటికే అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బ తవ్వి ఇళ్ళకీ మెట్లకీ రాళ్ళు పట్టుకెళ్తున్నారు. ఆయన 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించేసరికి చాలా భాగం పోయింది. పోయినవన్నీ గోడల్లోకే పోలేదు. కొన్ని బట్టీలోకి పోయాయి, కాల్చి సున్నం చేశారు. బుద్ధుడి పాదాలు, తామరపూలు, పూర్ణకుంభాలు చెక్కిన పలకలు ఎవరి ఇంటికో వెల్ల అయిపోయాయి. ఆ తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవాటిలో చాలావరకు లండన్ చేరాయి, ఇంకొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి.

నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. కాల్చినవాళ్ళని తిట్టడానికి రాయడం లేదు. చేతికి దొరికిన మంచి రాయి, ఇంటికి సున్నం కావాలి, అంతే వాళ్ళకి తెలిసింది. కానీ ఈ ప్రాంతపు సున్నం చరిత్ర రాస్తే ఆ పేజీ ఉండాలి.

పల్నాటి_బాటసారి

స్తూపం_దారి గారూ, ఇది నాకు కొత్త సంగతి. అమరావతికి ఎన్నోసార్లు వెళ్ళినా అక్కడ ఎవరూ చెప్పలేదు. తప్పకుండా ఉంటుంది ఆ పేజీ.

గచ్చు_మేస్త్రి

నేను పాత కట్టడాల రిపేరు పని చేస్తాను. కోటలు, గుళ్ళు, దర్గాలు, పాత బంగళాలు. బాటసారి తమ్ముడి రెండో ప్రశ్నకి చెప్తాను.

పెద్ద బట్టీలు రాకముందు ప్రతి ఊరికీ సున్నం ఆ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో తయారయ్యేది. నల్లరేగడి చేలల్లో తెల్లటి గడ్డలు తేలుతుంటాయి, చూశారా? సున్నపు కంకర అంటాం. దాన్ని ఏరి, చిన్న ఆవం పేర్చి, కట్టెలతో కాల్చేవాళ్ళు. ఆ గడ్డల్లో మట్టి కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ సున్నం నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. బావులకి, తూములకి, చెరువు అలుగులకి అది బాగా పనికొచ్చేది. పులికాట్ వైపు, సముద్రం ఒడ్డు ఊళ్ళలో గుల్లలు కాల్చేవాళ్ళు. గుల్ల సున్నం తెలుపే వేరు. రాయి ఉన్నచోట రాయి కాల్చేవాళ్ళు.

కాల్చడంతో పని అయిపోదు. కాలిన రాయిని గుంటలో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. దాన్ని వెంటనే వాడకూడదు. మాడిపోయిన ముక్కలు ఆలస్యంగా విరుగుతాయి. గోడకి పూసిన తర్వాత, నెలలు పోయాక ఒక్కో ముక్క ఉబ్బి పూతని బయటికి తోసేస్తుంది. అందుకని గుంటలో నీళ్ళ కింద నానబెట్టి ఉంచేవాళ్ళు, ఎంత నానితే అంత వెన్న. ఆ తర్వాత గానుగ. గుండ్రంగా రాతి కాలువ, అందులో నిలువు రాతి చక్రం, దానికి ఎద్దులు. సున్నం, ఇసుక, ఒక్కోచోట ఇటుక పొడి, అదే సుర్కీ, వేసి పొద్దుట్నుంచి తిప్పేవాళ్ళు. పైపూతకైతే బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవాళ్ళు. నునుపు కోసం కోడిగుడ్డు తెల్లసొన. హైదరాబాద్‌లో దీన్ని డంగు సున్నం అంటారు. 1591 నాటి చార్మినార్ మీద పూలు, తీగలు అన్నీ ఈ సున్నంతో చేసినవే. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి జరిగిన రిపేర్లలో కూడా సిమెంటు పూతలు పీకేసి మళ్ళీ సున్నమే పూశారు.

పాత గోడకి సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక రాయి, ఇటుక పొడిపొడి అవుతాయి. సున్నం గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది. ఇది నేను చేతులతో చేసి చూసిన పని, ఎవరితోనైనా వాదిస్తాను.

మీ ఊళ్ళలో గానుగ కాలువలు, చక్రాలు ఇంకా ఉంటే దయచేసి పగలగొట్టనివ్వకండి. చాలా ఊళ్ళలో అవి బస్టాపు దగ్గర కూర్చునే బండలయ్యాయి.

తెల్లదుమ్ము

చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ థ్రెడ్ చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అమ్మ, మా పెద్దమ్మ పిడుగురాళ్ళ బట్టీల్లో పనిచేశారు. నేను కూడా సెలవుల్లో గంప ఎత్తాను.

బట్టీ ఎలా ఉంటుందంటే, రాతితో ఎత్తుగా కట్టిన నిలువు గొట్టం, లోపల వేడికి తట్టుకునే ఇటుక. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు, మళ్ళీ రాయి, మళ్ళీ బొగ్గు. మంట మధ్యలో ఉంటుంది. కింద తలుపుల్లోంచి కాలిన సున్నం లాగుతుంటారు. లాగినకొద్దీ పైది కిందికి దిగుతుంది, పైన మళ్ళీ నింపాలి. ఒకసారి అంటించిన బట్టీని ఆర్పరు. పండగైనా, చావైనా ఎవరో ఒకరు పైన ఉండాల్సిందే.

మగవాళ్ళు క్వారీలో మందు పెట్టి పేల్చడం, సమ్మెటతో బండలు పగలగొట్టడం, బట్టీ పైన నింపడం, కింద లాగడం. ఆడవాళ్ళు రాయిని బట్టీకి సరిపడే సైజుకి కొట్టడం, గంపలు మోయడం, లాగిన సున్నంలో కాలని రాయి ఏరి పక్కన పడేయడం, నీళ్ళు చల్లి విరగ్గొట్టడం, జల్లెడ పట్టడం, బస్తాలు నింపడం. అన్నిటికంటే జల్లెడ పని కష్టం. కొంగు ముక్కుకి చుట్టుకున్నా గొంతులో సున్నమే. చెమటతో ఒళ్ళు తడిగా ఉంటే ఆ దుమ్ము అంటుకున్నచోట మంట. సాయంత్రం చేతులకి కొబ్బరినూనె రాసుకుని కూర్చునేవాళ్ళు. వేళ్ళ సందుల్లో పుళ్ళు ఎప్పుడూ మానేవి కావు. అన్నం ముద్ద కలిపితే కారం తగిలి కళ్ళల్లో నీళ్ళు వచ్చేవి, అందుకని మా అమ్మ పెరుగన్నంతోనే సరిపెట్టుకునేది.

కూలీ రోజుకి కాదు, పని లెక్కన. ఎన్ని గంపలు, ఎన్ని బస్తాలు. అడ్వాన్సు తీసుకుంటే అది తీరేదాకా ఆ బట్టీయే. ఒళ్ళు బాగోలేక మానేస్తే అప్పు అలాగే ఉంటుంది.

బట్టీ పైన నిలబడ్డవాళ్ళకి వేడి ఒక్కటే కాదు ప్రమాదం. రాత్రిపూట చలికి బట్టీ పైన వెచ్చగా ఉంటుందని పడుకుంటే బట్టీలోంచి వచ్చే గాలికి లేవకుండా పోయినవాళ్ళు ఉన్నారని మా పెద్దమ్మ చెప్పేది. కొత్తగా చేరినవాళ్ళకి మొదట చెప్పే మాట అదే, పైన కూర్చోవద్దు, పడుకోవద్దు అని.

ఇంకో సంగతి, వానాకాలం. కాల్చిన సున్నం లారీలో ఉండగా వాన నీళ్ళు తగిలితే ఉడికిపోయి బస్తాలు, పట్టా, ఒక్కోసారి లారీ చెక్కలు కూడా అంటుకునేవి. మబ్బు పట్టిందంటే డ్రైవర్లకి ఒకటే టెన్షన్.

రాళ్ళ_మాస్టారు

అమ్మా తెల్లదుమ్ము, మీరు రాసింది చదివాక నా పాఠం చాలా చిన్నదనిపించింది. మీ పెద్దమ్మ చెప్పిన ఆ గాలి గురించి ఒక మాట. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోంచి బొగ్గుపులుసు వాయువు విడిపోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలూ గాల్లోకి పోయే వాయువే. దానికి తోడు సరిగా మండని బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. పెద్దావిడ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

కంట్లో సున్నం పడితే ఏం చెయ్యాలో కూడా ఇక్కడ రాసి ఉంచుతాను. ముఖం మీద, కంటి చుట్టూ పొడి ఉంటే మెత్తటి గుడ్డతో ముందు దులపాలి, కన్ను నలపకూడదు, వెంటనే ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలి, కడుగుతూనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పాలు, నెయ్యి, ఆకుపసర్లు పోయకండి. ఆలస్యమైతే చూపు పోతుంది.

డల్లాస్_గురజాల

అన్నలూ అక్కలూ, బాధ అర్థమైంది కానీ రెండో వైపు కూడా రాయాలి. సాగర్ కుడికాలువ రాకముందు పల్నాడు మెట్ట. వాన పడితే పంట, లేకపోతే వలస. అలాంటి చోట బట్టీ ఉందంటే ఏడాది పొడుగునా ఏదో ఒక కూలి దొరికేది. మా నాన్న క్వారీ లారీ తోలి మమ్మల్ని చదివించాడు. మాచర్లలో 1958లో సిమెంటు ఫ్యాక్టరీ మొదలైనప్పుడు సాగర్ డ్యాము కడుతున్నారు. 1955లో శంకుస్థాపన, 1967లో నీళ్ళు. ఆ డ్యాము, ఆ కాలువలు, ఈ రాయి అన్నీ ఒకదానికొకటి ముడిపడ్డవే. పిడుగురాళ్ళని లైమ్ సిటీ అంటే మాకు గర్వంగానే ఉంటుంది.

తెల్లదుమ్ము

డల్లాస్ అన్నా, మా ఇంట్లో కూడా అన్నం బట్టీ పెట్టిందే. నేను చదువుకున్నది ఆ డబ్బుతోనే. గర్వం ఉండాలి, నాకూ ఉంది. ఆ పేరు తెచ్చిపెట్టినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది కదా. ఆవిడ చేతుల సంగతి రాయకపోతే ఆ గర్వంలో ఆవిడ వాటా ఆవిడకి రానట్టే.

డల్లాస్_గురజాల

ఆ మాట నిజం చెల్లీ. ఈ వారం నాన్నని కూర్చోబెట్టి లారీల సంగతులన్నీ అడిగి రాస్తాను.

కొల్లేటి_రైతు

మాది కైకలూరు వైపు. మీ సున్నం చివరికి ఎక్కడికి వస్తుందో నేను చెప్తాను. మా చేపల చెరువులకి, రొయ్యల చెరువులకి సున్నం లేకుండా రోజు గడవదు. చెరువు ఎండగట్టినప్పుడు అడుగున చల్లుతాం, నీళ్ళు పులిస్తే మళ్ళీ చల్లుతాం. అయితే కొత్తవాళ్ళకి ఒక మాట, పీహెచ్ (నీళ్ళలో పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత) చూడకుండా చల్లొద్దు. పీహెచ్ మరీ పెరిగితే నీళ్ళలో ఉన్న అమ్మోనియా విషంగా మారి చేప తేలిపోతుంది.

మా దగ్గర బస్తా విప్పేవాళ్ళు కూడా కూలీలే. వాళ్ళకీ అవే పుళ్ళు. ఈ థ్రెడ్ చదివాక గ్లవ్స్, కళ్ళద్దాలు తెప్పించాను. వెల్లలు, తాంబూలం సరే, చక్కెర మిల్లుల్లో చెరకు రసం తేర్చడానికి, తోళ్ళు ఊనడానికి, కాగితం మిల్లులకి, ఉక్కు కరిగించే చోట, తాగునీటి ప్లాంట్లలో, అన్నిచోట్లా సున్నం వాడకం ఉంది. ఇళ్ళకి వెల్ల వేయడం తగ్గినా బట్టీలు నడుస్తున్నది ఇందుకే.

నాపరాయి_తాండూరు

తెలంగాణ నుంచి నేను. మాది కూడా సున్నపురాయే, కాకపోతే భీమా బేసిన్. మా రాయి పొరలు పొరలుగా లేస్తది, కాల్చేది తక్కువ, బండలు చేసి అమ్ముడే ఎక్కువ. షాబాదు బండ, తాండూరు బండ అని మీ ఇండ్లల్ల పరిచేది ఇదే. బేతంచర్ల వైపు కూడా ఇదే పని. మా దగ్గర మందు పెట్టి పేల్చితే బండ పనికిరాదు. గడ్డపారతో పొర సందు చూసి లేపాలె. పొర చూసే కన్ను ఉన్న మనిషికి ఊరంతా మర్యాద. ఇప్పుడు కట్టింగ్ మిషన్లు వచ్చినయ్, ఆ కన్నుతో పని తగ్గింది.

మా గోస వేస్టు గుట్టలు. తీసిన రాయిల చానా భాగం ముక్కలై గుట్ట పడ్తది, పాలిషింగ్ మిల్లుల బురద వాగులల్లకు పోతది. మీ తాన గుంతలెట్లున్నయ్?

పల్నాటి_బాటసారి

తాండూరు అన్నా, గుంతల సంగతి చెప్పాలంటే బాధగా ఉంటుంది. తవ్వి వదిలేసినవి నీళ్ళతో నిండి ఉన్నాయి. అంచులు నిలువుగా కోసినట్టుంటాయి, మెట్టు ఉండదు, కంచె ఉండదు. ఎండాకాలం పిల్లలు ఈతకి దిగుతారు, గేదెలు జారిపోతాయి. కొన్నిచోట్ల రైతులు మోటార్లు పెట్టి మిరపకి, పత్తికి తడులు పెట్టుకుంటున్నారు. బట్టీల పక్క చేలల్లో మిరప ఆకు మీద తెల్లపొర ఇంకా కనిపిస్తుంది.

రికార్డుల_గది

పాత రికార్డులు వెతికే అలవాటు నాది, కొన్ని దారులు చెప్తాను. పల్నాడు తాలూకా అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది. పాత గుంటూరు జిల్లాని 1859లో కృష్ణా జిల్లాలో కలిపేశారు, ఇప్పటి గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో. కాబట్టి పాత కాగితాలు కావాలంటే 1859 నుంచి 1904 దాకా ఉన్నవి కృష్ణా జిల్లా పేరు మీద వెతకాలి. ఆ కాలానివి గుంటూరు అని వెతికితే దొరక్కపోవడానికి కారణం ఇదే. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ చూడండి. అమరావతి చూసిన కాలిన్ మెకంజీ వేరు, ఈయన వేరు, కలపకండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1957 గనుల చట్టం కింద సున్నపురాయి పెద్ద ఖనిజం. సిమెంటుకి తవ్వితే లీజు, రాయల్టీ ఆ పద్ధతిలోనే. కానీ ఇళ్ళ కట్టుబడికి వాడే సున్నం కోసం బట్టీలో కాల్చే రాయిని చిన్న ఖనిజంగా ప్రకటించారు, అది రాష్ట్రం చేతిలో, 1966 నాటి మన రాష్ట్ర నియమాల కింద. అంటే ఒకే గుంటలోంచి తీసిన ఒకే రాయి, ఎక్కడికి పోతుందన్నదాన్ని బట్టి రెండు రకాల నియమాల కింద పడుతుంది. అనుమతి లేని తవ్వకాల తగాదాలు పెరగడానికి ఈ సందు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. పాత లీజు కాగితాల్లో సర్వే నంబర్లుంటాయి. ఏ గుంట ఏ సర్వే నంబరులో ఉందో మ్యాపు చేస్తే, కంచె వేయమని అడగడానికి పంచాయతీకి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

గచ్చు_మేస్త్రి

మ్యాపులో గానుగలు కూడా గుర్తు పెట్టండి. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలో, గడ్డపారో పెట్టండి, సైజు తెలుస్తుంది.

పల్నాటి_బాటసారి

తప్పకుండా మేస్త్రి గారూ. గుంటలకి, గానుగలకి, మూతపడ్డ బట్టీలకి వేరే వేరే రంగులు పెడతాను. తెల్లదుమ్ము గారూ, ఒక్క మాట అడగొచ్చా? అమ్మగారు మాట్లాడటానికి ఒప్పుకుంటే రికార్డు చేసుకుంటాను. బట్టీ భాగాల పేర్లు, పని పాటలు, కూలి లెక్కలు, ఏదైనా సరే.

తెల్లదుమ్ము

అడిగాను. ఆవిడకి ముందు నమ్మకం కలగలేదు, "మా పని గురించి ఎవరికి కావాలే" అంది. తర్వాత తనే పాత స్నేహితురాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది, వాళ్ళని కూడా పిలుస్తానంది. ఆదివారం రండి, మధ్యాహ్నం మూడు తర్వాత. పొద్దున పూట ఆవిడకి దగ్గు ఎక్కువ, మాట్లాడలేదు. గొంతు రికార్డు చేసుకోండి, ఫొటోలు వద్దు. డల్లాస్ అన్నా, మీ నాన్నగారు ఏ క్వారీ నుంచి రాయి తోలేవాళ్ళో అడిగి ఇక్కడ రాయండి, అమ్మని అదే క్వారీ సంగతులు అడుగుతాను.

డల్లాస్_గురజాల

కేసానుపల్లి వైపు అంటున్నాడు చెల్లీ. నడికుడి వైపు కూడా కొన్నాళ్ళు తోలాడట. మిగతాది రేపు రాత్రి ఫోన్‌లో మాట్లాడి రాస్తాను.